మేదస్సు తగ్గుటయా, మాంసము పెరుగుటయా? – ఆంధ్రుల దేహసాధన చరిత్ర

చెన్నపురిలో నేడు అన్నానగరు మొదలుకొని అడయారు వరకు ఏ పెద్దవీధిని నడచినను, దేహమును తీర్చిదిద్దెదమని ప్రకటించు పలకలు కంటబడుచుండును. కత్తి తగులకుండ క్రొవ్వును కరగించెదమని యొక పలక చెప్పును. చెమట పట్టకుండ కండలను పెంచెదమని దాని సరసనే మరియొక పలక చెప్పును. పెండ్లి ముహూర్తము నిశ్చయమైన వధూవరులు, కాన్పుల తరువాత నడుము సడలిన గృహిణులు, ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు, ఈ రెంటిలో ఏది తమకు తగునని విచారించుచున్నారు. పూర్వము సంపన్నుల ఇండ్లలో మాత్రమే వినబడిన ఈ విచారము నేడు మధ్యతరగతి కుటుంబములలోను సామాన్యమైనది. పెండ్లికై కూడబెట్టిన ధనములో కొంతభాగము ఈ యంత్రముల క్రిందికి పోవుచున్న దినములివి.

ప్రశ్న క్రొత్తదిగా తోచునుగాని దాని మూలము ప్రాచీనము. మేదస్సు వేరు, మాంసము వేరు. ఒకటి తగ్గినంత మాత్రమున రెండవది పెరుగదు. ఈ వివేకము మన దేశపు వైద్యులకు ఏనాడో కలదు. ఈ రెంటిని ఒకే సాధనలో ఇముడ్చుకొన్న బలశాలులు ఆంధ్రులలో జన్మించిరి. వారిలో కొందరికి ఈ చెన్నపురితోడనే సంబంధము కలదు. ఆ చరిత్రను సంగ్రహముగా స్మరించి, దాని వెలుగులో నేటి యంత్రములను పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

శాస్త్రకారుల మాట

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయమునకు అష్టౌనిందితీయమని పేరు. లోకము వంకపెట్టు ఎనిమిది విధముల దేహములు అందు చెప్పబడినవి. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒడలెల్ల రోమములు గలవాడు, రోమములు లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి స్థూలుడు, మిక్కిలి కృశుడు. వీరిలో మొదటి ఆర్గురను పేర్కొని విడిచి, చరకుడు కడపటి యిద్దరిని గూర్చియే సవిస్తరముగా చెప్పెను. రంగును, పొడవును మార్చుట వైద్యుని పని కాదు. స్థూలత్వమును, కృశత్వమును చక్కబరచుట వైద్యుని పని.

స్థూలునిలో మేదస్సు ఒక్కటియే పెరుగును, తక్కిన ధాతువులు ఆ విధముగా పెరుగవని చరకుని నిర్ణయము. అందుచేతనే దేహము పెద్దదైనను బలము తక్కువ, వేగము తక్కువ, ఆయువు తక్కువ అని ఆయన చెప్పెను. ఇద్దరిలో కృశుడే కొంత మేలనియు పలికెను. కృశునకు పోషణ యిచ్చిన చాలును. స్థూలునకు పోషణ యిచ్చిన రోగము పెరుగును. కడుపు మాడ్చిన వాని ప్రబలమైన జఠరాగ్ని దానిని సహింపదు. స్థూలత్వపు చికిత్స ఎంత కష్టమో ఈ మాటవలన తెలియును.

మరి ప్రశంసింపదగిన దేహమేది? సమమైన మాంసప్రమాణము, గట్టి కట్టుబడి, దృఢమైన ఇంద్రియములు గలదే ప్రశస్తమని చరకుడు చెప్పెను. అట్టివాడు ఆకలిని, దప్పికను, ఎండను, చలిని, వ్యాయామమును ఓర్చుకొనును; తిన్నది జీర్ణించుకొనును. ఇందు తూకపు లెక్క లేదు, నడుము కొలత లేదు. దేహము ఏమి ఓర్వగలదన్నదియే పరీక్ష. చికిత్సలో రూక్షమైన పొడులతో నలుగు పెట్టుట, కడుపు నింపియు కొవ్వు పెంచని ఆహారము, నిద్రను తగ్గించుట, వ్యాయామము, మనస్సునకు పని చెప్పుట విధింపబడినవి. వీనిని ఒక్కుమ్మడిగా గాక క్రమక్రమముగా పెంచవలెనని హెచ్చరికయు కలదు. దీపావళినాడు మన ఇండ్లలో నూనెపై పెట్టుకొను శనగపిండి నలుగు ఆ సంప్రదాయమునకు దూరపు బంధువే.

విజయనగరపు వేకువజాము

శాస్త్రమున నున్నది ఆచారమున ఎట్లుండెనో తెలియుటకు రాజాస్థానములను చూడవలెను. కల్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను భాగము కలదు. మల్లుల తరగతులు, వారి ఆహారము, అభ్యాసక్రమము అందు వర్ణింపబడినవి. తరువాతి కాలమున ఆంధ్రదేశపు ఊళ్ళలో గరిడీలు, తాలింఖానాలు వెలసినవి. దండీలు, బస్కీలు తీయుట, సంగడములు ఎత్తుట, కర్రసాము చేయుట, గోదాలో కుస్తీ పట్టుట అచ్చటి విద్యలు. గదవంటి కొయ్యను తలచుట్టు త్రిప్పు సాధనను చెన్నపురి తమిళులు కర్లాకట్టై అని నేటికిని పిలుచుచున్నారు.

ఈ సాధనను కన్నులార చూచి వ్రాసినవారిలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ముఖ్యుడు. ఆయన 1520 ప్రాంతమున విజయనగరమున నుండెను. శ్రీకృష్ణదేవరాయల దినచర్యను ఆయన వర్ణించిన విధము మనోహరము. రాయలు ప్రతిదినము తెల్లవారకమునుపే లేచి నువ్వులనూనె త్రాగును. అదే నూనెను ఒడలెల్ల పట్టించుకొనును. మొలకు చిన్నగుడ్డ చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తును. పిదప కత్తి పట్టి, త్రాగిన నూనె యంతయు చెమటగా వెలువడువరకు సాము చేయును. తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టును. అటుపై గుర్రమెక్కి తెల్లవారువరకు మైదానమున స్వారి చేయును.

అదే పేస్ రాయల రూపమును గూర్చి వ్రాసినది మన ప్రశ్నకు మరింత సన్నిహితము. రాయలు నడితరపు ఎత్తు గలవాడు, మంచి చాయ, మంచి ఆకృతి గలవాడు. సన్నమనుటకంటె కొంత లావనుట తగునని ఆయన వ్రాసెను. ప్రతిదినము బరువులెత్తి, కుస్తీ పట్టి, గుర్రమును దౌడుతీయించిన మహాయోధుని దేహము కొంచెము లావుగనే యుండెనన్నమాట! నేటి పలకలలోని బొమ్మతో పోల్చినయెడల రాయలును చికిత్సకు రావలసినవాడే యగును. కాని గజపతులతోను, బిజాపురపు సుల్తానుతోను జరిగిన యుద్ధములలో ఆ దేహము ఆయనకు ఏ లోటును చేయలేదు.

సైదాపేటకు వచ్చిన భీముడు

ఆ సంప్రదాయమునకు ఇరువదవ శతాబ్దమున నిలువెత్తు నిదర్శనము కోడి రామమూర్తి నాయుడుగారు. ఆయన 1880 దశకమున వీరఘట్టమున జన్మించి విజయనగరమున పెరిగెను. బాల్యముననే వ్యాయామశాలకు అలవాటు పడెను. వ్యాయామోపాధ్యాయుడగుటకు కావలసిన శిక్షణకై ఆయన చెన్నపురి సైదాపేటకు వచ్చి, ఒక సంవత్సరము అభ్యసించి, విజయనగరమునకు మరలిపోయి తాను చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెనని ఆయన జీవితకథకులు చెప్పుదురు. పిదప సర్కసు సంఘమును స్థాపించి దేశమంతయు పర్యటించెను. ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచుట, భుజములకు గొలుసులతో కట్టిన రెండు మోటారుకార్లను కదలనీయకుండుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట ఆయన ప్రదర్శనలలో ప్రసిద్ధములు. ఇండియన్ హెర్క్యులీస్ అనియు, కలియుగభీముడనియు జనులు ఆయనను కీర్తించిరి. శాకాహారి, ప్రాణాయామమును తన బలమునకు మూలముగా చెప్పుకొన్నవాడు. తుదిదశలో కాలు కోల్పోయి, 1942 లో ఒడిశాలో కాలధర్మము నొందెను. విశాఖపట్టణపు సముద్రతీరమున నేడు ఆయన విగ్రహము నిలిచియున్నది.

ఇంచుమించు అదే కాలమున ఐరోపాలో మరియొక బలశాలి వెలసెను. 1867 లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరమున జన్మించిన యూజెన్ శాండో మొదట బరువులెత్తి పేరు గడించెను. కాని ఆయన లోకమునకు నేర్పిన క్రొత్తవిద్య బరువులెత్తుట కాదు, కండలను చూపుట. 1901 సెప్టెంబరు 14 న లండనులోని రాయల్ ఆల్బర్టు హాలులో ఆయన జరిపిన దేహసౌష్ఠవపు పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకరు షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కానన్ డాయిల్. అచ్చట బరువులెత్తుటకుగాక, కండల పొందికకు బహుమానమిచ్చిరి. 1904, 1905 సంవత్సరములలో శాండో భారతదేశమున పర్యటించెను. ఆయన పేరు మన దేశమున ఎట్లు పాతుకొనెనో చూడుడు. చేతులు లేని బనియనును నేటికిని చెన్నపురి దుకాణములలో శాండో బనియను అని అడుగుదురు. ఈ నగరమున చిత్రములు నిర్మించి ప్రసిద్ధుడైన చిన్నప్ప దేవరుగారి పేరునకు ముందును శాండో అన్న బిరుదు చేరినది.

రామమూర్తిగారిని చూచినవారు, ఈయన ఎంత బరువు ఓర్చునని అడిగిరి. శాండోను చూచినవారు, ఈయన ఎంత చక్కగా కనబడునని అడిగిరి. ఒకటి శక్తిని గూర్చిన ప్రశ్న, రెండవది ఆకృతిని గూర్చిన ప్రశ్న. నిజమునకు శాండోకును శక్తి కలదు, రామమూర్తిగారికిని ఆకృతి కలదు. కాని ఛాయాచిత్రములో శక్తి కనబడదు, ఆకృతి కనబడును. ఛాయాచిత్రము, పిదప చలనచిత్రము, నేడు చేతిలోని ఫోను ప్రబలినకొలది రెండవ ప్రశ్న మొదటిదానిని మ్రింగివేసినది. నేటి దేహసౌష్ఠవ చికిత్సలన్నియు ఆ రెండవ ప్రశ్నకు పుట్టిన సంతానము.

చెన్నపురి మాత్రము మొదటి ప్రశ్నను చాలకాలము మరువలేదు. 1920 లో హ్యారీ క్రో బక్ దొర ఇచ్చట వై.ఎమ్.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. నేడు నందనమునందున్న ఆ కళాశాల ఆసియాలో ఆ విద్యకు ఏర్పడిన తొలి కళాశాలలలో ఒకటి. 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్ళిన భారతజట్టు నిర్వాహకుడు ఆయనే. దక్షిణదేశపు పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయులను సమకూర్చిన కళాశాల యిది. వారి ఈల విని పరుగెత్తిన పిల్లలకు అద్దముతో పని లేకుండెను.

మన చిత్రపరిశ్రమయు ఒకప్పుడు అట్టి దేహములను ఆదరించెను. 1963 లో చెన్నపురినుండి వెలువడిన నర్తనశాల చిత్రమున భీముని పాత్రను ధరించినవారు దండమూడి రాజగోపాలరావుగారు. 1948 లండను ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున బరువులెత్తిన ఆంధ్రవీరుడాయన. భీముడు కావలెనన్న నిజముగా బరువెత్తినవానిని పిలిచిన కాలమది. ఆయనకు ఎదురుగా కీచకుడై నిలిచిన ఎస్.వి. రంగారావుగారి దేహము నేటి కొలతలకు నిలువదు. అయినను తెరపై ఆయన నిలిచినచో మరియొకరు కనబడెడివారు కారు.

ఈ వరుసలో కడపటి పేరు స్త్రీది కావుట మనకు గర్వకారణము. శ్రీకాకుళపు నేలనుండియే వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారత స్త్రీ ఆమెయే. కండబలము మగవారి సొత్తనియు, సన్నదనము ఆడువారి అలంకారమనియు భావించువారికి ఇంతకంటె వేరు సమాధానము అక్కరలేదు.

శ్రమ లేని సాధన

శ్రమపడకుండ ఫలము నందవలెనన్న కోరికకును ఒక చరిత్ర కలదు. 1860 దశకమున స్వీడను దేశపు వైద్యుడు గుస్తావ్ జాండర్ మనుష్యుని అవయవములను తామే కదలించు యంత్రములను నిర్మించెను. నడుమునకు పట్టీ తగిలించి వణకించు యంత్రములు పిమ్మట వచ్చినవి. అమెరికాలో 1949 మొదలుకొని రిలాక్ససైజర్ అను విద్యుద్యంత్రమును, కదలకుండ కూర్చుండియే సన్నబడవచ్చునని చెప్పి, సుమారు 4 లక్షలు విక్రయించిరి. అది గుండెకును, ఇతర అవయవములకును అపాయకరమని తేలగా 1970 లో న్యాయస్థానము దాని విక్రయమును నిషేధించెను. 1970 దశకమున ఇటలీ, ఫ్రాన్సు దేశముల వైద్యులు గొట్టముతో క్రొవ్వును పీల్చు శస్త్రచికిత్సను ప్రచారమునకు తెచ్చిరి. అది ఫలించునుగాని శస్త్రచికిత్సకు సహజములైన అపాయములును దానిని వదలవు. అందుచే కత్తి లేని మార్గమునకై అన్వేషణ సాగినది.

క్రొవ్వును గడ్డకట్టించు చికిత్సకు బీజము పసిపిల్లల బుగ్గలలో దొరికినది. పుల్లకు గ్రుచ్చిన మంచుమిఠాయిని చప్పరించిన బిడ్డల బుగ్గలలో వాపు కలుగుటను అమెరికా వైద్యులు 1970 లో ప్రకటించిరి. చలికి చర్మము చెడలేదు, దాని క్రిందనున్న క్రొవ్వు మాత్రము చెడినది. మేదఃకణములు చర్మముకంటె చలికి ముందుగా లొంగునన్న ఈ సూత్రమును బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ అను వైద్యులు పరిశోధించి, పందులపై ప్రయోగము చేసి, చికిత్సగా మలచిరి. దీనినే క్రయోలిపాలిసిస్ అందురు. అమెరికా ప్రభుత్వపు అనుమతి 2010 లో నడుము ప్రక్కలకును, 2012 లో పొట్టకును, 2014 లో తొడలకును లభించినది. యంత్రపు దొప్ప క్రొవ్వుముడుతను పీల్చి పట్టుకొని సుమారు ముప్పాతిక గంటనుండి గంటవరకు చల్లబరచును. చచ్చిన కణములను దేహమే రెండు మూడు మాసములలో మెల్లగా తొలగించుకొనును. ఆ చోటి క్రొవ్వుపొర సాధారణముగా ఐదవవంతు, లేక నాల్గవవంతు పలుచబడును.

కండను పెంచు యంత్రమునకు మూలము మరింత పాతది. 1831 లో మైకేల్ ఫారడే, మారుచున్న అయస్కాంతక్షేత్రము తీగలో విద్యుత్తును పుట్టించునని కనుగొనెను. మన దేహమందలి నరమును అట్టి తీగయే. పొట్టపైనో పిరుదులపైనో ఉంచిన చుట్టలో విద్యుత్తు వేగముగా మారగా, లోపలి నరములు ప్రేరేపింపబడి, మన సంకల్పము లేకయే కండరములు గట్టిగా ముడుచుకొనును. అర్ధగంటలో ఇరువదివేల పర్యాయములు ముడుచుకొనునని యంత్రమును చేయువారు చెప్పుదురు. హైఫెమ్ అను పేరు గల ఈ పద్ధతికి అమెరికాలో 2018 లో అనుమతి లభించినది. 2019 లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 22 మందికి నాలుగేసి పర్యాయములు ఈ చికిత్స చేసి ఎమ్.ఆర్.ఐ. తీయగా, పొట్ట కండర మందము సుమారు 15 శాతము పెరిగి, క్రొవ్వుపొర సుమారు 19 శాతము తగ్గినట్లు తేలినది. ఫలితము చిన్నది కాదుగాని, 22 మంది మాత్రమే అన్న సంగతి మరువరాదు.

ఎవరికి ఏది?

ఈ రెంటిలో ఏది యెంచుకొనవలెనన్న ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలెను: నా పొట్ట ముందుకు వచ్చుటకు కారణమేది? వ్రేళ్ళతో పట్టి మడువగల క్రొవ్వు చర్మము క్రింద నుండునది. చలియంత్రము దానినే తగ్గించగలదు. పొట్ట గట్టిగా, పీపావలె నుండి, చర్మము మాత్రము చేతికి పలుచగా చిక్కినచో, క్రొవ్వు లోపల ప్రేగుల చుట్టును, కాలేయమునందును చేరినదని శంకింపవలెను. దానిని చలియంత్రము తాకజాలదు. కాన్పుల తరువాత పొట్ట నడిమి కండరములు విడిపోయి ముందుకు వ్రేలాడుట మూడవ కారణము. ఇందు క్రొవ్వును తగ్గించిన ప్రయోజనము స్వల్పము. కండరమునకే బలము కావలెను. దానికి మొదటి సాధనము శిక్షణ పొందినవారు నేర్పు వ్యాయామము, అయస్కాంతయంత్రము దానికి తోడు మాత్రమే.

కావున తూకము ఇంచుమించు సరియైయుండి, ఒక్కచోట మాత్రము మొండిగా నిలిచిన క్రొవ్వు గలవారికి చలిచికిత్స కొంత తగును. దేహము ఇదివరకే పలుచనై, కండరము సడలినవారికి రెండవది కొంత తగును. తూకము బాగుగా పెరిగినవారికి రెండును తగవు. ఇవి తూకము తగ్గించు చికిత్సలు కావని వీనిని చేయువారే ఒప్పుకొందురు. పొందిన కండ వ్యాయామము లేనిచో మరల సడలును. కణములు పోయిన చోట మిగిలిన కణములు తిండి ఎక్కువైనచో మరల ఉబ్బును.

అపాయములును తెలిసికొనవలెను. చలిచికిత్స తరువాత ఎఱ్ఱదనము, తిమ్మిరి కొన్నాళ్ళుండుట సామాన్యము. అరుదుగా క్రొవ్వు తగ్గుటకు మారుగా ఆ చోటనే గట్టిగా పెరుగును. ఈ విపరీతమును వైద్యులు 2014 లో తొలుత వర్ణించిరి. దానిని సరిచేయుటకు తుదకు శస్త్రచికిత్సయే శరణ్యము కావచ్చును. చలికి రక్తము చెడు కొన్ని అరుదైన వ్యాధులు గలవారికి ఈ చికిత్స నిషిద్ధము. గుండెకు పేస్‌మేకరు గలవారు, చికిత్స చేయు చోట దేహములో లోహపు ముక్కలు గలవారు, రాగి లూపు ధరించిన స్త్రీలు, గర్భిణులు అయస్కాంతయంత్రము జోలికి పోరాదు. చర్మవైద్యుని గాని, ప్లాస్టిక్ శస్త్రవైద్యుని గాని కలిసి పరీక్ష చేయించుకొనక, రాయితీ ప్రకటన చూచి ధనము కట్టుట తగదు.

2025 లో మన దేశపు మందుల అంగళ్ళకు వచ్చిన వారమునకొక సూది మందులను గూర్చియు ఒక మాట. అవి తూకమును నిజముగా తగ్గించును. కాని తగ్గిన తూకములో కొంతభాగము కండయు ఉండును. వైద్యుని పర్యవేక్షణ, తగిన మాంసకృత్తుల ఆహారము, బరువులతో వ్యాయామము లేనిచో, మేదస్సుతో పాటు మాంసమును పోగొట్టుకొని కృశత్వమున పడుదుము. చరకుడు చెప్పిన ఇరువురు నిందితులలో ఒకని రూపము విడిచి రెండవవాని రూపము ధరించుట మేలు కాదు.

సన్నని దేహము, లోపలి మేదస్సు

అద్దము చెప్పని సత్యము వేరొకటి కలదు. 2004 లో లాన్సెట్ పత్రికలో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యడ్కిన్ తమ యిద్దరి చిత్రములను ప్రక్కప్రక్కన ప్రకటించిరి. ఎత్తునకు తూకమునకు గల నిష్పత్తి యిద్దరికిని 22.3 మాత్రమే. కాని యడ్కిన్ దేహమున క్రొవ్వు 9.1 శాతము కాగా, యాజ్ఞిక్ దేహమున 21.2 శాతము! చూపునకు సన్నము, లోపల క్రొవ్వు, కండ తక్కువ. భారతీయులలో చాలమంది తీరిది. మనలో మేదస్సును తగ్గించుటయు, మాంసమును పెంచుటయు రెండును ఏకకాలమున అవసరమని దీని తాత్పర్యము.

చెన్నపురి ఈ విషయమున లోకమునకే పాఠశాల. ఈ నగరపు పెద్దలలో మధుమేహము 1989 లో 8.3 శాతముండగా 2004 నాటికి 14.3 శాతమైనదని ఇచ్చటి పరిశోధకులు లెక్కించిరి. వ్యాధిని కనుగొనిన ఈ నగరమే దానికి విరుగుడునుగూడ చూపినది. డాక్టరు రామచంద్రన్‌గారి బృందము మధుమేహమునకు చేరువలోనున్న 531 మందిని ఎంచి, మూడేండ్లు పరిశీలించి, ఫలితములను 2006 లో ప్రకటించెను. ప్రత్యేకమైన ఉపదేశము లేనివారిలో నూటికి 55 మంది వ్యాధిగ్రస్తులైరి. ఆహారము మార్చుకొని, దినమునకు అరగంటయైన చురుకుగా నడచినవారిలో నూటికి 39 మంది మాత్రమే వ్యాధిగ్రస్తులైరి. విశేషమేమన, వారి తూకములో చెప్పుకోదగిన మార్పు లేకయే ఈ మేలు కలిగినది. అద్దమున మార్పు కనబడక మునుపే దేహము లోపల బాగుపడుచుండునన్న మాట. చలియంత్రము చేయలేని పని యిది.

ఈ సత్యమును కొలుచుటకు కుట్టుపనివాని టేపు చాలును. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్త పడవలెనని మన దేశపు వైద్యులు నిర్ణయించిరి. అద్దమును అడుగుటకు మారుగా ఏడాదికొకసారి టేపును, రక్తపరీక్షను అడుగుట వివేకము.

ఈ యంత్రములను నిందించుట మన ఉద్దేశము కాదు. కాన్పులచే సడలిన దేహమును చక్కబరచుకొన దలచిన తల్లికి, ఒక మొండి ముడుతచే మనస్సు నొచ్చిన యువకునకు, తగిన వైద్యుని యొద్ద వానివలన కొంత ఊరట కలుగవచ్చును. అది వారి స్వవిషయము. దానికై ఎవరిని ఎగతాళి చేయరాదు. మన ఇండ్లలో పెండ్లిచూపులనాడు వధువు లావును గూర్చి పలుకు తేలికమాటలే ఎందరినో ఈ చికిత్సల ద్వారమునకు పంపుచున్నవని పెద్దలు గుర్తింపవలెను. యంత్రము ఆకృతిని కొంత దిద్దును. శక్తిని మాత్రము అది యీయదు. మెట్లెక్కునపుడు ఊపిరిని గాని, మనుమని ఎత్తుకొనునపుడు నడుము పట్టును గాని అది యీయదు.

అందుచే మన సంఘముల పెద్దలకు ఒక విన్నపము. చెన్నపురి ఆంధ్రులకు సంఘభవనములు కలవు, కల్యాణమండపములు కలవు, గ్రంథాలయములు కలవు. వానిలో ఒక మూల కొన్ని బరువులు, కొన్ని చాపలు, నేర్పుటకు ఒక శిక్షకుని ఏర్పరచినచో, అది నేటి గరిడీ యగును. స్త్రీలకు ప్రత్యేకవేళలు, వృద్ధులకు తేలిక సాధనలు ఉండవలెను. వ్యయము ఒక్కరి దేహసౌష్ఠవ చికిత్సకగు ధనమును మించదు. కోడి రామమూర్తిగారు విద్యార్థియై వచ్చిన ఈ నగరమున, ఆయన పేరట అట్టి శాల ఒకటి వెలసినయెడల, అందు మేదస్సు తగ్గును, మాంసము పెరుగును. ఏది ముందన్న వివాదమునకు అచ్చట అవసరముండదు.